సన్‌రూఫ్ వల్ల కారు బ్యాటరీ దిగిపోతోందా? రిపేరుకి డబ్బు పెట్టాలో వద్దో ఇలా తేల్చుకోండి

రెండు రోజులు కారు కదపకుండా పెడితే మూడో రోజు పొద్దున సెల్ఫ్ తీసుకోదు. పక్కవాళ్ల కారు నుంచి జంపర్ కేబుళ్లు పెట్టి స్టార్ట్ చేస్తారు. మెకానిక్ దగ్గరికి వెళ్తే బ్యాటరీ పోయిందంటాడు, కొత్తది వేయిస్తారు. నెల తిరక్కుండా అదీ డౌన్ అవుతుంది. అదే కారులో కొన్నాళ్లుగా సన్‌రూఫ్ సగంలో ఆగిపోతోందా? మూసిన గాజు తనంతట తానే వెనక్కి వెళ్తోందా? కారు ఆపి దిగాక పైనుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బ్యాటరీ సమస్యకీ సన్‌రూఫ్‌కీ సంబంధం ఉందేమో చూడాల్సిందే.

ఇక్కడ మీకు రెండు రకాల సలహాలు దొరుకుతాయి. షోరూం సర్వీసులో సన్‌రూఫ్ అసెంబ్లీ మొత్తం మార్చాలంటారు. బయట షెడ్డులో "ఫ్యూజు పీకేద్దాం సార్, వాడేదే లేదుగా" అంటారు. రెండూ కొన్ని కార్లకి సరైన జవాబులే. మీ కారుకి ఏది సరైనదో తెలియాలంటే ముందు కొన్ని కొలతలు కావాలి. నా అభిప్రాయం మొదటే చెప్తాను: సన్‌రూఫ్ తెరుచుకుంటోందా లేదా అన్నదానికి నేను పెద్దగా విలువివ్వను. గాజు పూర్తిగా మూసుకుంటోందా, లోపలికి నీళ్లు వస్తున్నాయా, ఈ రెండే రిపేరు చేయించాలో వద్దో చెప్పేవి. కింద చెప్పిన వరసలోనే వెళ్తే అనవసరంగా డబ్బు పోదు.

తాళం వేసిన కారులో సన్‌రూఫ్‌కి కరెంటుతో పనేంటి?

ఇప్పటి కార్లలో సన్‌రూఫ్ మోటారుకి చాలావరకు ఒక చిన్న కంట్రోల్ యూనిట్ కలిసే ఉంటుంది. గాజు ఎక్కడుందో హాల్ సెన్సర్ల (మోటారు ఎంత తిరిగిందో అయస్కాంతంతో పసిగట్టేవి) సాయంతో అది లెక్కపెట్టుకుంటుంది. మూసుకునేటప్పుడు చెయ్యో తలో అడ్డొస్తే ఆగి వెనక్కి తీసేదీ అదే. ఇగ్నిషన్ ఆపాక కూడా దానికి బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది. తాళం వేసిన కాసేపటికి అది నిద్రలోకి వెళ్లాలి. అప్పుడది లాగేది లెక్కలోకి రానంత తక్కువ.

అది నిద్రపోకపోవడానికి కారణాలు చాలావరకు పైకప్పులోనే ఉంటాయి. గాజు జారే పట్టాల్లో దుమ్ము, ఎండిపోయిన గ్రీజు చేరి గాజు చివరి రెండు మిల్లీమీటర్లు కదలకపోతే, మూసుకున్నానన్న నమ్మకం యూనిట్‌కి కలగదు. స్విచ్చు లోపల తేమ చేరితే ఎవరో నొక్కి పట్టుకున్నట్టే సంకేతం వెళ్తూ ఉంటుంది. కనెక్టర్ మీద నీళ్లు కారి పచ్చ చిలుము పడితే ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి కరెంటు పాకుతుంది. ఈ మూడూ లేకపోతే అప్పుడు మోటారు యూనిట్టే చెడిపోయిందని అనుకోవాలి.

సన్‌రూఫ్ ఒక్కటే లాగే కరెంటు చాలాసార్లు తక్కువే. అయితే కారులోని కంట్రోల్ యూనిట్లన్నీ ఒకదానితో ఒకటి వైర్ల మీద మాట్లాడుకుంటూ ఉంటాయి. రాత్రి పసిపిల్ల ఏడిస్తే ఇంటిల్లిపాదీ లేచినట్టు, ఒక యూనిట్ పడుకోకపోతే మిగతావీ మేలుకునే ఉంటాయి. బ్యాటరీని రెండు రోజుల్లో ఖాళీ చేసేది ఈ మొత్తం కలిసి.

ఎలక్ట్రిక్ కారున్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది. నెక్సాన్ ఈవీ లాంటివాటిలో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరుగా ఉంటుంది. అది దిగిపోతే కింద పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు ఆన్ కాదు.

మొదట బ్యాటరీని పరీక్షించండి

సన్‌రూఫ్ మీద అనుమానం ఎంత బలంగా ఉన్నా బ్యాటరీతోనే మొదలుపెట్టండి. ఓ మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కోండి. కారున్న ఇంట్లో అది ఉండాల్సిన వస్తువే. బ్యాటరీ నిండా ఛార్జ్ అయ్యాక రాత్రంతా కారు ముట్టుకోకుండా ఉంచి, పొద్దున తలుపు తీయకముందే కొలిస్తే మంచిది. బానెట్ తీయాలంటే తలుపు తీయక తప్పదు కాబట్టి బానెట్‌ని ముందు రాత్రే తెరిచి, ఊరికే ఆనించి ఉంచండి.

12.6 వోల్టులు, ఆ పైన చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 దగ్గర ముప్పావు వంతు, 12.2 దగ్గర సగం, 12.0 దగ్గర పావు వంతు మిగిలినట్టు లెక్క. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ చూడండి. చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. కొన్ని కొత్త కార్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది) అవసరాన్ని బట్టి వోల్టేజిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి ఒక్క రీడింగు చూసి కంగారుపడకండి, కాసేపు గమనించండి. ఎంతసేపు చూసినా 13 దాటకపోతే మాత్రం ఆల్టర్నేటర్ సంగతి చూపించుకోవాలి. సన్‌రూఫ్ వంతు ఆ తర్వాతే.

బ్యాటరీ వయసూ చూడండి. మన ఎండలకి మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ మీద పూర్తి భరోసా పెట్టుకోలేం. బ్యాటరీ దుకాణంలో లోడ్ టెస్టు (బ్యాటరీ మీద భారం వేసి తట్టుకుంటోందో లేదో చూసే పరీక్ష) చేయించండి, అయిదు నిమిషాల పని. ఇంకో సంగతి: లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన ప్రతిసారీ లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి దాని బలం కొంత శాశ్వతంగా తగ్గుతుంది. నాలుగైదుసార్లు డౌన్ అయిన కొత్త బ్యాటరీ కొత్తదిగా ఉండదు. అందుకే కరెంటు ఎక్కడికి పోతోందో తేలకముందు కొత్త బ్యాటరీ వేయించవద్దంటున్నాను. సన్‌రూఫ్ గురించి నిర్ణయం వాయిదా వేయడానికి కూడా ఖరీదుంది, దాన్ని బ్యాటరీ రూపంలో చెల్లిస్తారు.

తర్వాత, కారు పడుకున్నాక ఎంత లాగుతోందో కొలవండి

మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన కొలత ఇదే. కొంచెం ఓపిక కావాలి.

ఆపి తాళం వేసిన కారు మామూలుగా 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. అలారం, గడియారం, రిమోట్ కోసం ఎదురుచూసే రిసీవర్ లాంటి వాటికి అది కావాలి. కొన్ని కొత్త కార్లలో 80 దాకా ఉన్నా తప్పులేదు. 50 మిల్లీఆంపియర్లంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీ సామర్థ్యాన్ని చెప్పే లెక్క ఇదే). 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగానికి దిగడానికి రెండున్నర వారాలు పైనే పడుతుంది. అదే 400 మిల్లీఆంపియర్లయితే రోజుకి 9.6 ఆంపియర్ అవర్లు పోతాయి, రెండు రోజులు దాటగానే బ్యాటరీ సగానికి వస్తుంది. "శుక్రవారం పెట్టిన కారు సోమవారం కదలదు" అనేవాళ్ల లెక్క సరిగ్గా ఇక్కడికే తేలుతుంది.

కొలిచే పద్ధతులు రెండున్నాయి. నేను ఎక్కువ నమ్మేది డీసీ క్లాంప్ మీటర్. బ్యాటరీ నెగటివ్ కేబుల్ చుట్టూ దాని దవడ తగిలిస్తే చాలు, ఏదీ విప్పనక్కర్లేదు. ఇంటి కరెంటు కొలిచే చవక క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీని మాత్రమే కొలుస్తాయి, ఇక్కడ పనికిరావు. డీసీ కొలిచేది, పది మిల్లీఆంపియర్ల తేడా అయినా చూపించేది కావాలి. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర అది ఉంటుంది.

రెండో పద్ధతి, మామూలు మల్టీమీటర్‌ని నెగటివ్ టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య కలపడం. ఎర్ర వైరుని మీటర్‌లో 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాలి. మీటర్ కలిపి ఉన్నంతసేపూ ఇగ్నిషన్ వేయకూడదు, సెల్ఫ్ కొట్టకూడదు. కొడితే మీటర్ ఫ్యూజు అక్కడికక్కడే పోతుంది. దీనిలో ఒక ఇబ్బంది ఉంది. టెర్మినల్ విప్పగానే సన్‌రూఫ్ యూనిట్ రీసెట్ అయి, ఆ రాత్రికి బుద్ధిగా పడుకోవచ్చు. "కొలిచాం, ఏమీ లేదు" అని కారు తిప్పి పంపేయడానికి ఇదొక పెద్ద కారణం. అందుకే విప్పకుండా కొలిచే పద్ధతే మేలు.

ఏ పద్ధతైనా ముందు ఏర్పాట్లు ఇవి. సన్‌రూఫ్‌ని రెండు మూడుసార్లు తెరిచి మూయండి, సమస్య ఎప్పుడు వస్తుందో ఆ స్థితిలోనే వదలండి. ఫ్యూజు పెట్టె లోపలుంటే డ్రైవర్ తలుపు తెరిచే ఉంచి, దాని గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో తిప్పి మూసినట్టు చేయండి. పని అయ్యాక లోపలి పిడి లాగి గొళ్లెం వెనక్కి తీయకుండా తలుపు వేయకండి. స్మార్ట్ కీ ఉన్న కారైతే తాళం చెవిని ఇంట్లో దూరంగా పెట్టండి. అది దగ్గర్లో ఉంటే కారు పడుకోదు. ఇక ఎదురుచూడండి. కొన్ని కార్లు పది నిమిషాల్లో పడుకుంటాయి, కొన్నిటికి గంట పడుతుంది. గంట తర్వాత కూడా 100 మిల్లీఆంపియర్ల పైన నిలబడిపోతే, లేదా కిందకి దిగి మళ్లీ మళ్లీ పైకి ఎగురుతుంటే ఏదో తప్పు జరుగుతోంది.

అది సన్‌రూఫేనా?

ఓనర్స్ మాన్యువల్‌లోనో, ఫ్యూజు పెట్టె మూత వెనకో సన్‌రూఫ్ ఫ్యూజు ఎక్కడుందో ఉంటుంది. మామూలుగా 20 నుంచి 30 ఆంపియర్లది. దాన్ని వెంటనే పీకకండి. మీటర్‌ని మిల్లీవోల్టులకి పెట్టి, ఫ్యూజు నెత్తిన కనబడే రెండు చిన్న లోహపు చుక్కల మీద రెండు ప్రోబులూ ఆనించండి. సున్నా వస్తే ఆ ఫ్యూజు గుండా ఏమీ వెళ్లడం లేదు. 20 ఆంపియర్ల చిన్న సైజు ఫ్యూజు మీద 1 మిల్లీవోల్టు కనిపిస్తే సుమారు 300 మిల్లీఆంపియర్లు వెళ్తున్నట్టు.

ఇప్పుడు ఫ్యూజు తీయండి. మొత్తం కరెంటు దిగిందా? కాసేపాగి అదే ఫ్యూజు మళ్లీ పెట్టి, కారుని పడుకోనిచ్చి చూడండి. మళ్లీ పెరిగిందా? రెండుసార్లు అలాగే జరిగితేనే దోషం సన్‌రూఫ్ లైనుదని రాసుకోండి. అదే ఫ్యూజు మీద లోపలి లైట్లో, పనోరమిక్ గాజు కింది తెర మోటారో ఉండొచ్చు. కాబట్టి ఫ్యూజు పట్టిక పూర్తిగా చదవండి.

మీటర్లు మనవల్ల కాదనుకునేవాళ్లకి తేలిక దారి ఉంది. గాజు పూర్తిగా మూసి, సన్‌రూఫ్ ఫ్యూజు తీసి, కారుని ఇదివరకు ఎన్ని రోజులకి డౌన్ అయ్యేదో అన్ని రోజులు అలాగే ఉంచండి. తర్వాత ఫ్యూజు పెట్టి మళ్లీ అన్ని రోజులు. తేడా మీకే తెలుస్తుంది. సమయం పడుతుంది కానీ ఖర్చేమీ లేదు.

ఫ్యూజు తీసినా కరెంటు తగ్గకపోతే సన్‌రూఫ్‌ని వదిలేసి బయట బిగించిన వాటిమీద పడండి. డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, బయట వేయించిన స్టీరియో, యాంప్లిఫయర్, ఆరిపోని డిక్కీ లైటు. నా దృష్టిలో వీటి మీద అనుమానం సన్‌రూఫ్ కంటే ముందే రావాలి.

ఖర్చు లేని వైద్యం ముందు

సన్‌రూఫేనని తేలాక నేరుగా మోటారు మార్చే మాటకి వెళ్లకండి. శుభ్రం చేయడం, నీటి దారులు చూడడం, రీసెట్, ఈ మూడూ అయ్యాకే ఆ మాట.

గాజు పూర్తిగా తెరిచి పట్టాలు చూడండి. మన రోడ్ల దుమ్ము పాత గ్రీజులో కలిసి నల్లటి ముద్దలా అయి ఉంటుంది. మెత్తని గుడ్డతో, మూలల్లో పాత టూత్‌బ్రష్షుతో తీసేయండి. తర్వాత సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. ఇంజిన్ ఆయిలు, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే వాడకండి. అవి దుమ్ముని ఇంకా పట్టుకుంటాయి, రబ్బరుని పాడుచేసేవీ ఉన్నాయి. రబ్బరు అంచుని తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

నీళ్లు పోయే దారుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కారుకి అసలు నష్టం జరిగేది ఇక్కడ. సన్‌రూఫ్ రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు, ఆపేలా తయారు చేయరు కూడా. అంచు దాటి లోపలికి దిగిన నీళ్లు గాజు చుట్టూ ఉన్న తొట్టిలో పడి, మూలల్లోని రంధ్రాల గుండా సన్నని గొట్టాల్లోకి వెళ్లి, కారు స్తంభాల లోపలినుంచి కిందకి పోవాలి. చాలా కార్లలో నాలుగు మూలలా నాలుగు గొట్టాలుంటాయి. ముందువి ముందు అద్దం పక్క స్తంభాల్లోంచి, వెనకవి డిక్కీ వైపు స్తంభాల్లోంచి దిగుతాయి. వేపచెట్టు కిందో కానుగచెట్టు కిందో కారు పెట్టేవాళ్లకి ఆ రంధ్రాలు మూసుకుపోవడం ఖాయం. చైత్రంలో వేపపూత రాలి, దుమ్ముతో కలిసి, తొలకరి జల్లుకి తడిసి గట్టి బిరడాలా తయారవుతుంది. అప్పుడు నీళ్లు తొట్టి అంచు దాటి పైకప్పు గుడ్డలోకి దిగుతాయి. అక్కడే స్విచ్చులు, మోటారు కనెక్టరు ఉన్నాయి. స్తంభం వెంట ఇంకా కిందకి జారితే డాష్‌బోర్డు కింది ఫ్యూజు పెట్టె, లైట్లనీ తలుపు తాళాలనీ నడిపే బాడీ కంట్రోల్ యూనిట్ ఉంటాయి. బ్యాటరీ దిగడం అక్కడికి చిన్న కష్టం, లైట్లు వాటంతటవే వెలగడం, తలుపు తాళాలు పనిచేయకపోవడం దాని తర్వాతి కష్టాలు.

పరీక్ష ఇలా చేయండి. గాజు తెరిచి ముందు మూలలోని రంధ్రం దగ్గర చిన్న గ్లాసుతో కొద్దికొద్దిగా నీళ్లు పోయండి. కొన్ని క్షణాల్లో ముందు చక్రం వైపో తలుపు కీలు దగ్గరో కింద నీళ్లు పడాలి. నిలిచిపోతే పోయడం ఆపండి. గడ్డి కోసే యంత్రంలో వాడే మెత్తని నైలాను తీగని నెమ్మదిగా తోస్తూ తిప్పండి, ఇనుప తీగ వాడకండి. పంక్చరు షాపులో గాలి కొట్టిస్తే సరిపోతుందంటారు, ఒప్పుకోకండి. ఆ ఒత్తిడికి గొట్టం లోపల కొస దగ్గర ఊడిపోవచ్చు, అప్పుడు నీళ్లన్నీ సీట్ల కిందకే వస్తాయి. కింద మ్యాట్లు ఎత్తి కార్పెట్‌ని చేత్తో నొక్కి చూడండి. తేమ, ముక్కిన వాసన ఉంటే నీళ్లు ఇదివరకే దిగుతున్నాయన్నమాట.

ఆఖరిది రీసెట్. బ్యాటరీ విప్పినా, పూర్తిగా దిగిపోయినా సన్‌రూఫ్ యూనిట్ తన లెక్క మర్చిపోతుంది. చాలా కార్లలో గాజు మూసి, మూసే వైపు స్విచ్చుని పది సెకన్ల దాకా నొక్కి పట్టుకుంటే గాజు కొంచెం కదులుతుంది. వదిలి వెంటనే మళ్లీ నొక్కి పట్టుకుంటే అది పూర్తిగా తెరుచుకుని మూసుకుని లెక్క సరిచూసుకుంటుంది. మీ కారుకి సరిగ్గా ఎలాగో మాన్యువల్‌లో సన్‌రూఫ్ అధ్యాయం చివర ఉంటుంది. ఆ సమయంలో చేతులు గాజుకి దూరంగా ఉంచండి, కొన్ని కార్లలో రీసెట్ జరిగేటప్పుడు అడ్డొస్తే ఆగే రక్షణ పనిచేయదు. రీసెట్ అయ్యాక మళ్లీ కరెంటు కొలవండి. ఇక్కడితో సమస్య తీరిపోయే కార్లు తక్కువేం కాదు.

ఇంకా లాగుతుంటే: నిర్ణయం

ఇప్పటికి మీ దగ్గర మూడు విషయాలున్నాయి. సన్‌రూఫ్ లైను ఎంత లాగుతోంది, గాజు పూర్తిగా మూసుకుంటోందా, లోపల తడి ఉందా.

లోపల తడి ఉంటే చర్చ లేదు, నీటి సంగతి వెంటనే బాగు చేయించాలి, వానాకాలం దగ్గరపడుతుంటే ఇంకా తొందరగా. ఫ్యూజు తీస్తే బ్యాటరీ నిలుస్తుంది గానీ నీళ్లు ఆగవు. గాజు చివరిదాకా మూసుకోకపోయినా అంతే. వాన ఒకటే కాదు, వేగంగా వెళ్లేటప్పుడు గాలికి వదులుగా ఉన్న గాజు అదరడం ప్రమాదం.

గాజు బిగుతుగా మూసుకుని, లోపల పొడిగా ఉండి, మోటారు యూనిట్ ఒక్కటే పడుకోవడం లేదనుకోండి. అప్పుడు ఫ్యూజు తీసి వాడుకోవడంలో ఏ తప్పూ లేదు. దాన్ని చవకబారు సర్దుబాటని ఎవరన్నా పట్టించుకోకండి. మన ఎండల్లో ఏడాదిలో సన్‌రూఫ్ తెరిచే రోజులు ఎన్నో మీకే తెలుసు. నా లెక్క ఇది: రిపేరు ఖర్చు కారు ఇప్పటి అమ్మకం ధరలో ఇరవయ్యో వంతు దాటుతోందంటే, ఇంకో రెండు మూడేళ్లలో కారు మార్చే ఉద్దేశం ఉంటే, ఫ్యూజు తీసి గ్లవ్‌బాక్సులో దాచండి. ఎందుకు తీశారో చీటీ రాసి పెట్టండి, తర్వాత చూసే మెకానిక్‌కి పనికొస్తుంది. ఫ్యూజు లేకపోయినా నీటి గొట్టాలు ఏటా శుభ్రం చేయాల్సిందే. అమ్మేటప్పుడు కొనేవాళ్లకి చెప్పేయండి, చెప్పకపోయినా పాత కార్ల తనిఖీలో సన్‌రూఫ్ స్విచ్చు నొక్కి చూస్తారు.

కారు వారంటీలోనో, ఎక్స్‌టెండెడ్ వారంటీలోనో ఉంటే ఏ ఆలోచనా లేకుండా షోరూంకి ఇచ్చేయండి. మీరు రాసుకున్న కొలతలు జాబ్‌కార్డులో ఎక్కించమనండి. ఆ గడువులో బయట షెడ్డులో వైర్లు కోయించకండి, వారంటీకి అది అడ్డమవుతుంది.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకండి. మామూలు మోటారు పాలసీలో అరుగుదల, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ కవర్ కావు. రాయి తగిలో కొమ్మ పడో గాజు పగిలితే వేరే సంగతి. గాజు భాగాలకి తరుగుదల కోయరు, రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీలకి మాత్రం 50 శాతం కోస్తారు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుందని మర్చిపోవద్దు. అయిదేళ్లు క్లెయిమ్ లేనివాళ్లకి అది 50 శాతం దాకా ఉంటుంది. పోయే బోనస్ ఎంతో లెక్కేసి చూసుకున్నాకే ఫారం నింపండి.

బయట కప్పు కోయించి పెట్టించుకున్న సన్‌రూఫ్ అయితే నా సలహా వేరు. వాటికి కరెంటు ఎక్కడినుంచి తీశారో ముందు చూడండి. లోపలి లైటు వైరుకి నేరుగా అతికించి ఉంటే, ఇగ్నిషన్‌తో పాటు ఆగిపోయేలా రిలే, ఫ్యూజు పెట్టించడమే సగం రిపేరు. ఇంకా చేయించుకోనివాళ్లు ఆగండి. కారు నిర్మాణాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది, ఇన్సూరెన్సు దగ్గరా చిక్కే.

అమెరికాలో చదువుకుంటూ పాత కారు కొనుక్కున్న మన పిల్లలకి ఒక మాట. అక్కడ పనికూలి ఎక్కువ, కారు ధర తక్కువ. చలికి బ్యాటరీ బలం ఎలాగూ పడిపోతుంది. గాజు మూసుకుని పొడిగా ఉంటే ఫ్యూజు తీయడమే మీకు సరైన దారి. అయితే చలికాలం రాకముందే గొట్టాలు శుభ్రం చేసుకోండి, నిలిచిన నీళ్లు గడ్డకడితే గొట్టాలు పగలొచ్చు.

ఒక్కటి మాత్రం ఎవరూ చేయించకండి: గాజు చుట్టూ సీలెంట్ పూసి శాశ్వతంగా మూయించడం. ఎక్కడో ఒక వెంట్రుకవాసి సందు మిగులుతుంది. దాని గుండా నీళ్లు లోపలికి దిగుతాయి, మూసుకుపోయిన రంధ్రాలు మీకు కనబడవు, తుప్పు కనబడేసరికి ఆలస్యమైపోతుంది. రోజూ రాత్రి బ్యాటరీ టెర్మినల్ విప్పి పెట్టడం కూడా ఒకటి రెండు వారాలకి సరే గానీ అలవాటుగా వద్దు. విప్పిన ప్రతిసారీ సన్‌రూఫ్‌తో పాటు పవర్ విండోలూ లెక్క మర్చిపోతాయి.

బాగు చేయించేటప్పుడు

కారు కంపెనీలు సన్‌రూఫ్‌ని చాలావరకు వెబాస్టో, ఇనాల్ఫా లాంటి సంస్థల నుంచి తెప్పించుకుంటాయి. విడిభాగాల పట్టికలో మోటారు, స్విచ్చు, గాజు, రబ్బరు, పట్టాల ఫ్రేము వేర్వేరు నంబర్లతో ఉంటాయి, కొన్ని మోడళ్లకి మోటారు తప్ప మిగతాది మొత్తంగానే వస్తుంది. "అసెంబ్లీ మార్చాలి" అనగానే ఒప్పుకోకుండా మోటారు యూనిట్ విడిగా దొరుకుతుందా, స్విచ్చు మార్చి చూశారా, కనెక్టర్ శుభ్రం చేశారా అని అడగండి. స్విచ్చు ధరకీ అసెంబ్లీ ధరకీ పొంతనే ఉండదు. రాతపూర్వకంగా, భాగాల ధర వేరు, కూలి వేరు వేసిన ఎస్టిమేట్ తీసుకుని, అదే నంబరుతో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఇంకోచోట అడగండి.

పాత కారు నుంచి తీసిన మోటారు పెట్టిస్తానంటే, అది మీ మోడల్, మీ తయారీ సంవత్సరానికి సరిపోయే భాగం నంబరుదేనా చూడండి. బయటికి ఒకేలా కనిపించినా లోపలి ప్రోగ్రాం వేరుగా ఉండొచ్చు. కంట్రోల్ యూనిట్ కలిసి ఉన్న మోటారుకి నేరుగా 12 వోల్టులు ఇచ్చి తిప్పి చూస్తామంటే వద్దనండి. పైకప్పు గుడ్డ దించే పని మీరే చేసుకోవాలని చూడకండి, దాని అంచుల వెంబడి కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటాయి. ఆ పని చేసేవాళ్లు ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి కాసేపు ఆగాలి. గుడ్డ మీద మడతలు, మరకలు లేకుండా తిరిగి ఇవ్వాలని ముందే మాట తీసుకోండి, ఫోటో తీసి పెట్టుకోండి.

కారు తీసుకునే రోజు సన్‌రూఫ్ తెరిచి మూసి చూపిస్తే చాలనుకోకండి. కారు పడుకున్నాక ఎన్ని మిల్లీఆంపియర్లు లాగుతోందో మీ ముందు కొలిచి, ఆ అంకెని బిల్లు మీద రాయించండి. గాజు మీద నీళ్లు పోయించి నాలుగు గొట్టాలూ కారుతున్నాయో లేదో చూడండి. ఇంటికి తెచ్చాక బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి, రెండు రాత్రులు కదపకుండా ఉంచి వోల్టేజి చూడండి. 12.5 దగ్గర నిలబడితే పని అయినట్టు. 12.3 కిందకి జారితే బిల్లు మీద రాయించిన అంకె పట్టుకుని, వారం లోపే మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లండి.